నాము పట్టిన జొన్న

నాలుగు చినుకులు పడి జొన్న ఒక్కసారిగా నల్లపచ్చగా లేస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు చల్లబడుతుంది. ఊరంతా వాన పడిందని సంబరపడుతుంటే నేనొక్కదాన్ని గట్టు మీద నిలబడి ఆ పచ్చదనాన్ని చూసి భయపడతాను. పుట్టుకతోనే పిరికిదాన్ని. ఉరిమితే చెవులు మూసుకునేదాన్ని, బావిలోకి తొంగి చూడమంటే ఏడ్చేదాన్ని. కానీ జొన్న అంటే భయం పుట్టుకతో వచ్చింది కాదు. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నేర్చుకున్నాను.

మా పుట్టిల్లు గూడూరు దగ్గర. నాయన నిమ్మతోటల్లో కూలికి పోయేవాడు, నేనూ పోయేదాన్ని. ఏ కాయ కోయాలో, ఏది ఇంకో వారం ఆగాలో చీకట్లో తడిమి చెప్పమన్నా చెప్పగలను. చేతుల నిండా ముళ్ళ గీతలు ఉండేవి, పెళ్ళినాడు అవి కనబడకుండా మా అమ్మ మోచేతుల దాకా గాజులు వేసింది. మాకు పశువులు లేవు. పాలు కావాలంటే గ్లాసు పట్టుకుని పక్కింటికి పోవడమే. అట్లాంటిదాన్ని పలమనేరు మిట్ట మీద పల్లెకు కోడలిగా వచ్చాను.

ఇక్కడ గాలి చల్లన, నేల మాత్రం నిప్పు. మాది రెండెకరాల మెట్ట, ఎర్రమన్ను, మన్నులో సగం రాళ్ళు. వానొస్తే చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేస్తాం. చేను చుట్టూ పశువులకని నాలుగు సాళ్ళు జొన్న వేస్తాం. వాన రాకపోతే రెండూ ఎండుతాయి. కాబట్టి ఈ ఊళ్ళో చాలా ఇళ్ళు చేను మీద కాదు, ఆవు మీద నడుస్తాయి. మా ఇల్లూ అంతే. పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా పాలు కేంద్రానికి పోతే మా పొయ్యి వెలిగేది. మా ఆయన టమోటా మార్కెట్లో బుట్టలెత్తి, రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ఆ ఎర్రావును కొన్నాడట. ఇంటికి రాగానే ముందు కొట్టంలోకి పోయి దాన్ని పలకరించి, తర్వాత నా వైపు చూసేవాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

మామ లేడు, నేను రాకముందే పోయాడు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను. మా అత్త చదువుకోలేదు గానీ పశువుల విషయంలో ఊరికి ఆమే డాక్టరు. పొద్దున కాఫీ తాగకముందే ఎవరో ఒకరు వాకిట్లో నిలబడేవాళ్ళు. మా ఎనుము మేత ముట్టలేదు, మా దూడ పారుకుంటోంది అంటూ. ఆమె పోయి చెవి తాకి చూసేది, పేడ చూసేది, డొక్క మీద చెయ్యేసి కాసేపు గమ్మున నిలబడేది. తర్వాత ఒకే మాట చెప్పేది. ఎందుకో చెప్పేది కాదు. ఎందుకని అడగడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు.

నన్ను మాత్రం తెగ ఆటపట్టించేది. నేను ఆవు పొదుగు పట్టుకోవడానికి జంకుతుంటే, "మీ ఊర్లో ఆవులు నిమ్మకాయలు మేస్తాయా మే?" అని అడిగేది. పాలు పిండడం నేర్పిందీ ఆమే. వేళ్ళు ఎట్లా ముడవాలో నా చెయ్యి పట్టుకుని చూపించింది, నాలుగు రోజులు నాతో పాటు ఆవు తన్నులు తినింది. అయినా ఆమె అడుగుల చప్పుడు వింటే చాలు, చేతిలో గిన్నె జారేది. ఆమె గట్టిగా అరిచింది కూడా లేదు. ఊరంతా అడిగి నడుచుకునే మనిషి ఇంట్లో ఉంటే, మనం చేసే ప్రతి పనీ తప్పే అనిపిస్తుంది.

ఆ ఏడు విత్తనానికి వాన వచ్చింది, తర్వాత మొహం చాటేసింది. చెనిక్కాయ చేలో మొక్కలు వాడి నేల కరుచుకున్నాయి. జొన్న మోకాలెత్తు లేచి ఆగిపోయింది, ఆకులు చుట్టలు చుట్టుకున్నాయి. కొట్టం వెనక వామిలో ఉన్న కసువు, అంటే ఎండుగడ్డి, అడుగుకు వచ్చింది. ఆవు ఈని రెండు నెలలే అయింది. పాలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. నెలన్నర గడిచాక ఒక సాయంత్రం మంచి జల్లు పడింది. నాలుగు రోజుల్లో జొన్న అడుగు నుంచి కొత్త పిలకలు వేసి, చూస్తే కడుపు నిండేంత పచ్చగా లేచింది.

"జొన్న ముట్టొద్దు. నేను చెప్పిందాకా ముట్టొద్దు" అంది మా అత్త.

నేను తలూపాను. దాచుకుంటోందని అనుకున్నాను. ఈనిన ఆవు ఎండుకసువు నములుతుంటే పచ్చిమేత కళ్ళెదుట పెట్టుకుని ఇంత పిసినారితనమా అని లోపల్లోపల తిట్టుకున్నాను కూడా. నిమ్మతోటల పిల్లకు అంతకన్నా ఏం తెలుస్తుంది? మేమెరిగింది ఒకటే, పచ్చగా ఉన్నదంతా మంచిదే.

రెండు రోజుల తర్వాత ఆమె కాణిపాకం బయలుదేరింది. ఏటా ఒకసారి పోవడం ఆమె మొక్కు, పెళ్ళయినప్పటి నుంచీ తప్పలేదు. చీకటి ఉండగానే లేచి, తల స్నానం చేసి, మొదటి బస్సుకు పోయింది. మా ఆయనా అప్పుడే మార్కెట్టుకు బయలుదేరాడు. పోతూ పోతూ పాల డబ్బాలోకి తొంగి చూసి, "నీ చెయ్యి పడినకాణ్నుంచి ఆవు పాలే మర్చిపోయిందే" అని నవ్వాడు. ఎగతాళికే అన్నాడు. కానీ ఆ మాట నాకు పొద్దంతా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

పొద్దెక్కేకొద్దీ ఆవు ఖాళీ గాడిని నాకుతూ, నన్ను చూసి అరుస్తూ ఉంది. వామిలో మిగిలిన కసువు వేస్తే ముక్కుతో తోసేసింది. నేను దగ్గరికి పోతే నా చెయ్యి నాకింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. జీవితంలో నాకు వచ్చిన ధైర్యాలన్నిటిలో పాడు ధైర్యం అదే. సాయంత్రం డబ్బా నిండితే ఇద్దరూ ఏం మాట్లాడతారో చూద్దామనుకున్నాను. కొడవలి తీసుకుని చేనికి పోయి, చేతులకు పట్టినంత జొన్న కోసుకొచ్చాను. ఎంత లేతగా ఉందంటే కొడవలి తాకీ తాకకముందే తెగింది.

ఆవు ఆబగా తినింది. ఆ నమిలే చప్పుడు వింటూ కాసేపు అక్కడే కూర్చున్నాను. ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. "సాయంత్రం నా పరువు నిలపెట్టు" అని దాని మెడ నిమిరి, సంగటికి ఎసరు పెట్టడానికి లోపలికి పోయాను.

ఎసరు కాగకముందే దూడ అరవడం మొదలుపెట్టింది. ఆకలేమో అనుకున్నాను. అరుపు ఆగలేదు. బయటికి వచ్చి చూస్తే ఆవు తల వేలేసి ఉంది, నోటి నుంచి నురుగ కారుతోంది. పరిగెత్తొచ్చిన మనిషిలాగా రొప్పుతోంది. కాళ్ళు వణుకుతున్నాయి. దగ్గరికి పోయి కన్ను చూస్తే లోపలి రెప్ప ఎర్రగా, రక్తంలో ముంచినట్టు ఉంది. నేను చూస్తుండగానే ముందుకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని ఏమిటో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎవరినీ పిలవలేదు. గాడిలో మిగిలిన జొన్నను గబగబా ఏరి, వామి కింద కసువులోకి తోసేశాను. ఒక్క ఆకు కూడా కనబడకుండా చూసుకున్నాను. ఆ పని మాత్రం శుభ్రంగా చేశాను. జొన్నకు, ఆవు పడిపోవడానికి సంబంధం ఉందని నాకు తెలియదు. ఆమె ముట్టొద్దన్నది ముట్టాను, అంతే తెలుసు.

ఆ తర్వాత అరిచాను. పక్కింటి పెద్దమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఆవును చూసి, "ఓయమ్మో, మీ అత్త లేనప్పుడే కావాల్నా ఇది" అని నెత్తి మీద చేతులు పెట్టుకుంది. మా ఆయనకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మార్కెట్ రద్దీలో ఫోన్ ఎప్పుడూ ఎత్తడు. ఎత్తకపోవడమే మేలనిపించింది కూడా.

అదే సమయానికి మధ్యాహ్నం బస్సు దిగి మా అత్త వస్తోంది. నుదుటి మీద దేవుడి కుంకుమ, చేతిలో ప్రసాదం సంచి. వాకిట్లో మమ్మల్ని చూసి చెప్పులు అక్కడే వదిలి కొట్టంలోకి వచ్చింది. ఆవు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి తాకింది, డొక్క మీద చెయ్యేసింది. డొక్క ఉబ్బి ఉంది.

"ఏం తినె?" అంది నా వైపు చూడకుండా.

"కసువే అత్తా" అన్నాను. నోరు తనంతట తానే ఆ అబద్ధం చెప్పింది.

"అయితే ఉబ్బరం. పోయి నూనె తీసకరా, గొట్టంతో పొయ్యాల" అంటూనే ఫోన్ తీసి పశువుల డాక్టరుకు కలిపింది. ఆమెకు చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. అందుకే ప్రతి మాటా నాకు వినబడింది.

"ఏం మేసిందమ్మా?" అన్నాడు డాక్టరు. "నేనిప్పుడు అవతల ఊర్లో ఉండాను. ఉబ్బరమైతే మందు నా సంచిలోనే ఉండాది, నేరుగా వచ్చేస్తా. నాము అయితే దానికి సూది మందు ఆస్పత్రిలో ఉండాది, ఇంకో దావన పోయి తీసుకొని రావాల. సరిగ్గా చూసి చెప్పండి. మళ్ళీ తిరిగి పోయొచ్చేదానికి పొద్దుండదు."

నాము అన్న మాట నేను అంతకుముందు వినలేదు. పక్కన ఉన్న పెద్దమ్మను గుసగుసగా అడిగాను. "బెట్టకు వాడి, వానకు లేసిన జొన్నలో విషం పుడతాది మే. పసరం తింటే గంట కూడా నిలబడదు" అందామె.

ఆ క్షణంలో నేను దేనికి భయపడ్డానో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. మా అత్తకు భయపడ్డాను. రాత్రికి మా ఆయన అనబోయే మాటకు భయపడ్డాను. పెళ్ళయి ఆర్నెల్లే. ఇంటికి తిండి పెట్టే ఆవును చంపిన కోడల్ని ఎవరు ఉంచుకుంటారు? పుట్టింటి గుమ్మంలో పెట్టెతో దిగితే మా నాయన ముఖం ఎట్లా ఉంటుందో కళ్ళ ముందు కనబడింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఉబ్బరంతో పోయిందంటారు. జొన్న వామి కింద ఉంది, రేపు తీసి గట్టవతల పారేస్తే సరిపోతుంది. ఇదంతా నేను ఆలోచించాను. ఆవు రొప్పుతూ నా వైపు కన్ను తిప్పి చూస్తుండగానే ఆలోచించాను.

"నాము యాడ్నుంచి వస్తాది సార్. మా ఇంట్లో జొన్న ఎవురూ ముట్టరు" అంటోంది మా అత్త ఫోన్లో.

చెబుదామని నోరు తెరిచాను. మాట పెగల్లేదు. వామి దగ్గరికి పోయి, కసువులో చెయ్యి పెట్టి, దాచిన జొన్నను లాగి తెచ్చి ఆమె పాదాల దగ్గర పెట్టాను. పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

ఆమె ఒక పిలకను తీసి చిదిమి వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది. కొడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను.

"నామే సార్" అని వినబడింది. "పొద్దున పొయ్యే తొందర్లో నేనే కోసి పెట్టి పోయినా, మధ్యాన్నం ఎయ్యమని. పిల్లకేం తెల్దు. మీరు ఆస్పత్రికి పోయే రండి సార్, బిరీన రండి."

కళ్ళు తెరిచి చూశాను. ఇంత తెలిసిన మనిషే కోసి పెట్టిందా అన్నట్టు, పెద్దమ్మ నోరు తెరుచుకుని మా అత్తనే చూస్తోంది. మా అత్త ఫోన్ కొంగులో ముడేసుకుంటూ, "గుడ్లప్పగించి సూస్తా ఉండావేం మే, బెల్లం తీసకరా. నూనె వద్దు" అని నన్ను కసిరింది.

బెల్లం అచ్చును రోకలితో చితకగొట్టి బిందెలో కలిపాం. ఆమె సీసాతో ఆవు దవడ పక్క నుంచి కొద్దికొద్దిగా పోసింది. "తల ఎత్తొద్దు, ఊపిరికి అడ్డం పడతాది. అట్లే పట్టుకో" అంది. నేను పట్టుకున్నాను. ఒక్కో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ఊపిరి ఆగిన ప్రతిసారీ నాదీ ఆగింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా డాక్టరేమోనని అనుకునేదాన్ని, అది దాటిపోయేది. అంత పొడుగు మధ్యాహ్నం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు వచ్చి మెడ నరానికి సూది వేశాడు. ఒకటి నెమ్మదిగా ఎక్కించి, చేతి గడియారం చూసుకుంటూ ఇంకొకటి ఎక్కించాడు. చాలాసేపటికి ఆవు చెవి ఒకటి కదిలింది. ఈగను తోలడానికి కదిపింది, అంతే. మా అత్త ఆ చెవిని చూసి ఊపిరి వదిలింది. ఇంకాసేపటికి ఆవు ముందుకాళ్ళు ముడిచి, బరువుగా కూర్చుంది.

"ఇంకొంచెం ఆలస్యమైతే నేను వచ్చినా పని లేకపోయింది" అన్నాడు డాక్టరు. తర్వాత మా అత్త వైపు తిరిగి, "ఊరికంతా నువ్వే చెప్తావు కదమ్మా. నీకు తెలీకపోవడమేంది?" అన్నాడు.

"మతి పోయింది సార్" అని ఆమె తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. అప్పుడైనా చెప్పాల్సింది. ఆవు బతికింది కదా అని గమ్మున ఉన్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి వీధి మొదట్లోనే ఎవరో చెప్పేశారు. నేరుగా కొట్టంలోకి పోయి ఆవు పక్కన చాలాసేపు కూర్చున్నాడు. లేచి వచ్చినప్పుడు ముఖం ఎర్రగా ఉంది.

"మా, నువ్వా కోసింది?" అన్నాడు.

"నేనే రా."

"నువ్వు నాము తెలీక కోసినావా? ఊరికంతా చెప్పేదానివి..." అని ఆపి, గుమ్మం దగ్గరున్న నా వైపు చూశాడు. తర్వాత వాళ్ళమ్మ పక్కన అరుగు మీద ఉన్న ప్రసాదం సంచి వైపు చూశాడు. "కాణిపాకం దేవుని మీద ప్రమాణంగా చెప్పు."

మా జిల్లాలో ఆ మాటను ఎవరూ ఊరికే అనరు. ఆ దేవుడి మీద అబద్ధపు ప్రమాణం చేస్తే నిలవదని, ఏదో ఒక రూపంలో తగులుతుందని అందరి నమ్మకం. పంచాయితీల్లో తేలని తగాదాలు అక్కడ తేలతాయి. దొంగతనం చేసినవాడు కూడా ఆ గుడి మెట్ల దాకా వచ్చి, ప్రమాణానికి భయపడి ఒప్పుకుంటాడంటారు. ఆమె ఆ పొద్దే ఆ దేవుణ్ణి చూసి వచ్చింది. కుంకుమ ఇంకా నుదుటి మీదే ఉంది.

చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల అరుస్తున్నాను. గుమ్మం గట్టిగా పట్టుకున్నాను. ఒక్క అడుగు వేస్తే చాలు. వెయ్యలేదు.

మా అత్త ప్రసాదం సంచి మీద చెయ్యి పెట్టి, "నేనే" అంది.

కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. రెండు రోజులు వాళ్ళమ్మతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు మామూలుగానే సంగటి పెట్టమన్నాడు.

ప్రమాణం చేసిన సాయంత్రమే గిన్నెలు కడిగేచోట ఆమె నా పక్కన కూర్చుని, నేను అడగకపోయినా చెప్పింది. "తల్లినంటే ఆ మాట తెల్లారితే పోతాది. ఆర్నెల్ల పెండ్లాన్ని అంటే ఇంట్లోనే ఉండిపోతాది. గమ్మునుండు." ఆమె ఎందుకో చెప్పిన మొదటి మాట అదే. నేను గిన్నె మీద పడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, బూడిద ఇంకొంచెం వేసి నా చేతిలోని గిన్నె తీసుకుని తోమింది. తర్వాత నాము సంగతంతా వివరంగా చెప్పింది. కంకి తొంగి చూసేదాకా జొన్న ముట్టకూడదు. కోసినా ఒకటి రెండు రోజులు ఎండలో ఆరవేసి, అప్పుడు పెట్టాలి. ముందే చెప్పి ఉండొచ్చు కదా అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే అట్లా అనిపించినందుకు భయం వేసింది.

ఆవు బతికింది. మళ్ళీ ఈనింది, దాని పెయ్య కూడా ఈనింది. మా ఇల్లు నిలబడింది. పోయింది మా అత్త మాట. నాము జొన్న కోసి పెట్టి పుణ్యానికి పోయిన మనిషని ఊళ్ళో నవ్వుకున్నారు. వాకిట్లోకి పొద్దున్నే వచ్చేవాళ్ళు ఒకరొకరే తగ్గిపోయారు, ఫోన్లో డాక్టరును అడగడం మొదలుపెట్టారు. కాఫీ చల్లారకుండా తాగుతున్నానని ఆమె నవ్వేది. కానీ వీధిలో ఎవరి ఎనుమైనా అరిస్తే లేచి గడప దాకా పోయి, అక్కడే నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చునేది. నేను అది చూస్తూ ఆరేళ్ళు ఊరుకున్నాను.

ఊరుకున్నానే గానీ ఒక్కరోజూ నిబ్బరంగా లేను. ఆమె దగ్గితే నాకు ప్రమాణం గుర్తొచ్చేది. జారి పడి మణికట్టు వాచిన రోజు, ఇదేనా, ఇంతటితో సరా అని లెక్క వేసుకున్నాను. కంటికి పొర కమ్మిందని పట్నంలో చెప్పిన రోజు నాకు అన్నం దిగలేదు. అబద్ధం నాది, చెయ్యి పెట్టింది ఆమె. తగిలితే ఎవరికి తగలాలో దేవుడికి తెలుసులే అని సర్దిచెప్పుకునేదాన్ని. కానీ ఆ తర్వాత పుట్టిన నా పిల్లవాడికి జ్వరం వస్తే ఇంకా భయపడేదాన్ని. ఆ మరుసటి ఏడు కాణిపాకం ఎప్పుడు పోతావత్తా అని అడిగితే, మోకాళ్ళ నొప్పులు మే, బస్సెక్కలేను అంది. అంతటితో ఆ మాట వదిలేశాను. నిజానికి ఆ గుడి పేరు ఇంట్లో వినబడకపోవడమే నాకు సుఖంగా ఉండేది.

ఈ ఏడు మళ్ళీ అట్లే అయింది. విత్తిన తర్వాత నెల దాటినా చినుకు లేదు, ఆ తర్వాత ఒక్క జల్లు, దాంతో జొన్న నల్లపచ్చగా లేచింది. నిన్న పక్కింటి పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చింది. ఆమె కొడుకు కొత్తగా రెండు ఆవులు తెచ్చాడు, ఇంట్లో మేత లేదు. మా అత్త అరుగు మీద చేటలో చెనిక్కాయలు ఏరుతోంది.

"అక్కా, జొన్న కొయ్యొచ్చునా? రవంత వచ్చి సూడరాదా" అంది పెద్దమ్మ.

"నన్నడగొద్దు" అంది మా అత్త, చేటలోంచి తలెత్తకుండా. "నా కోడల్ని అడుగు. నాము సంగతి ఆయమ్మకి బాగా తెలుసు."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియదు. మామూలుగానే అంది. పెద్దమ్మ వెంట చేనికి పోయాను. ఒక మొక్క వంచి మొవ్వ విప్పి చూశాను. కంకి జాడ లేదు.

"వద్దు పెద్దమ్మా. కంకి తొంగి చూసేదాకా ముట్టొద్దు" అన్నాను.

"ఎండకుపోతున్న ఆవులు మే. రవంత కూడా వద్దా?"

"రవంత కూడా వద్దు."

"అంత కచ్చితంగా చెప్తా ఉండావే. మీ అత్తకే ఒక పొద్దు మతి తప్పె" అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు నేను ఆరేళ్ళుగా వింటున్నాను. ఎప్పుడూ నేనూ కొంచెం నవ్వేసి ఊరుకునేదాన్ని. నిన్న నవ్వలేకపోయాను. ధైర్యం వచ్చి కాదు. ఇంకా మోయడానికి చేతకాలేదు.

"ఆ పొద్దు కోసి ఏసింది మా అత్త కాదు పెద్దమ్మా. నేను. ఆమె ముట్టొద్దని చెప్పి పోయినా కోసినా. కోసి, వామి కింద దాచిపెట్టినా" అన్నాను.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. నా ముఖం చూసి, జొన్న వైపు చూసి, కొడవలి చంకలో పెట్టుకుని గట్టు వెంట వెనక్కి నడిచింది. ఇక రాత్రికల్లా ఊరంతా తెలిసిపోతుందనుకున్నాను. నేనూ ఇంటిదారి పట్టాను.

మా అత్త ఇంకా చెనిక్కాయలు ఏరుతోంది.

"ఏం చెప్పినావు?"

"వద్దని చెప్పినా."

"అంతేనా?"

"ఆ పొద్దు కోసింది నేనని చెప్పినా."

చేట మీద ఆమె చేతులు ఆగిపోయాయి. "నీ మొగునికి తెలిస్తే?"

"సాయంత్రం నేనే చెప్తా."

"భయం లేదా?"

"ఉండాది అత్తా."

ఆమె చేట పక్కన పెట్టింది. పొర కమ్మిన కన్ను తుడుచుకుంది. "నాకూ ఉండె మే" అంది. "ఆరేండ్లు. ఆ దేవుని ప్రసాదం మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పిన మొగం పెట్టుకొని ఆయన ముందర యెట్ల నిలబడేది?"

"మోకాళ్ళ నొప్పులని చెప్తివి కదా అత్తా" అన్నాను.

"మొన్న చేనంతా కలుపు తీసినాయి కదా ఈ మోకాళ్ళే. వీటికేం రోగం" అంది. లేచి కొంగుకు అంటిన మన్ను దులుపుకుంది. "మొదటి బస్సు ఇప్పుడు యెన్ని గంటలకో కనుక్కో. రేపు ఇద్దరం పోదాం."